శిక్షయా? దండనయా? – ఒక శ్వపతి అనుభవము



శ్రీరుద్రము చతుర్థానువాకాంతమున శునకములకును, శునకములను పోషించు శ్వపతులకును రుద్రస్వరూపులుగా నమస్కారము చెప్పబడినది. ఎనిమిదవ ఏట ఉపనయనమైన తరువాత ఈ అనువాకమును గురుముఖమున నేర్చుకొన్నాను. ఇప్పుడు నా వయస్సు యాభై ఆరు సంవత్సరములు. శివాలయ అర్చకుడనగుటచే దీనిని నిత్యము పఠించుచున్నాను. ఏకాదశ రుద్రాభిషేకము జరిగిన దినములలో పదకొండు పర్యాయములు పఠించుచున్నాను. స్వరము తప్పలేదు, అక్షరము తప్పలేదు. కాని శ్వపతి అను మాటలో ఎంత బాధ్యత ఇమిడియున్నదో నాకు తెలిసినది గడచిన రెండు సంవత్సరములలోనే. తెలిసిన విధము నాకు గౌరవకరమైనది కాదు. అయినను వ్రాయుచున్నాను.

మాది కోనసీమలో ఒక చిన్న గ్రామము. ఇంటి వసారాలో అయిదారుగురు బాలురకు తైత్తిరీయ శాఖ సంథ చెప్పుచుందును. రెండేండ్ల క్రిందట శ్రావణ మాసములో హైదరాబాదు నుండి వచ్చిన మా అబ్బాయి చేతిసంచిలో ఒక కుక్కపిల్లను తీసికొనివచ్చినాడు. వర్షములో రహదారి ప్రక్కన తడిసి వణుకుచుండగా దొరికినదట. తెలుపు నలుపు మచ్చలతో రెండు నెలల ఊరకుక్క పిల్ల. "నాన్నగారూ, నేనుండే ఫ్లాటులో పెట్టుకోనివ్వరు. కొన్నాళ్లు ఇక్కడ ఉంచండి" అన్నాడు. నా భార్య మడి మాట ఎత్తినది. చివరకు వసారాయు పెరడును దానికి, గడపకు లోపల మనకు అని ఒడంబడిక కుదిరినది. చిత్రవర్ణము గలది కావున యమధర్మరాజు శునకముల లోని ఒకదాని పేరు తలచి శబలుడు అని నామకరణము చేసినాను. కొన్నాళ్లు అని విడిచిన వాడు మాయింట స్థిరపడినాడు.

శబలునకు శిక్షణ ఇచ్చు భారము నాదే అని నేను భావించితిని. ముప్పది సంవత్సరములుగా పాఠము చెప్పుచున్నవానికి కుక్కపిల్ల ఒక లెక్కయా అనుకొన్నాను. నా పద్ధతి నేను పెరిగిన పద్ధతియే: తప్పు చేసినచో గద్దించుట, మరల చేసినచో చిన్న బెత్తము. వాడు వసారాలో మూత్రము పోసినచో ముక్కు పట్టి ఆ తడికి ఆనించినాను. నా పావుకోళ్ల కొనలు కొరికినాడు, దెబ్బ తిన్నాడు. దర్భల కట్టను లాగి చిందరవందర చేసినాడు, దెబ్బ తిన్నాడు. నెల గడిచెను. మూత్రము ఆగలేదు. మార్పు ఒక్కటే వచ్చినది: నేను చూడని మూలలు వెదకి పోయుట నేర్చినాడు. నేను గొంతు పెంచినచో నిలుచున్న చోటనే భయముతో పోయుట మొదలు పెట్టినాడు. ఇది మొండితనమని నేను నిశ్చయించుకొన్నాను.

కార్తిక మాసములో ఒక సోమవారము తెల్లవారుజామున అభిషేకమునకు తెచ్చిన పాలచెంబును వసారా అరుగుపై ఉంచి, మారేడు దళములకై పెరటిలోనికి వెళ్లినాను. తిరిగి వచ్చునప్పటికి చెంబు దొర్లియున్నది, పాలు నేలపాలైనవి. శబలుడు ప్రక్కనే ఉన్నాడు. నన్ను చూడగానే చెవులు వెనుకకు వాల్చి, తోక కాళ్ల నడుమ ముడిచి, ముఖము ప్రక్కకు త్రిప్పుకొన్నాడు. ఇంతకు మించిన సాక్ష్యమేమున్నది? చేసిన తప్పు ముఖములో కనబడుచున్నది గదా! చేతిలోని కఱ్ఱతో కొట్టినాను. గట్టిగానే కొట్టినాను.

ఎదురింటి పెద్దావిడ ముగ్గు వేయుచు తల ఎత్తి, "అయ్యో పంతులుగారూ, పిల్లి దొర్లించి పోయిందండీ. నేను చూస్తూనే ఉన్నాను. వాడసలు లేవనేలేదు" అన్నది.

ఆనాటి నుండి శబలుడు నేను పిలిచినచో రాలేదు. అన్నము నేను పెట్టినచో, నేను లోపలికి పోవువరకు ముట్టలేదు. ఒక కాలు కుంటుచుండుటచే నాలుగవ దినమున పశువుల ఆసుపత్రికి తీసికొనిపోయినాను. అక్కడి వైద్యురాలు మా అబ్బాయి కంటె చిన్నది. ఎముకకు ప్రమాదము లేదని చెప్పి, జరిగినదంతయు నా చేతనే చెప్పించినది. నేను ఆ ముఖములోని తప్పు చేసిన భావము సంగతి కూడ చెప్పినాను. "పంతులుగారూ, అది తప్పు చేసిన ముఖం కాదండీ. మిమ్మల్ని చూసి భయపడిన ముఖం" అన్నది ఆమె. అమెరికాలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అను శాస్త్రవేత్త 2009లో ప్రకటించిన పరిశీలనను గూర్చి చెప్పినది. తినరాదని యజమాని చెప్పిన తినుబండారమును కుక్క తిన్నదో లేదో యజమానికి సరిగా తెలియనీయకుండ ఆ పరిశీలన జరిగినది. మనము అపరాధ భావమని పిలుచు ఆ వాలుచూపు తప్పు చేయుటకు సంబంధించినది కాదు, యజమాని గద్దింపునకు సంబంధించినది అని తేలినది. ఏ తప్పును చేయని కుక్కలు గద్దింపబడినప్పుడు ఆ చూపు ఇంకను అధికముగా కనబడినదట.

ఇంటికి వచ్చి ఆ రాత్రి మహాభారతము ఆదిపర్వము తెరచినాను. కథ తెలియనిది కాదు. జనమేజయుడు కురుక్షేత్రమున సోదరులతో కూడి దీర్ఘసత్రము చేయుచుండగా, దేవశుని యైన సరమ కుమారుడు సారమేయుడు అచ్చటికి పోయినాడు. శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు అను రాజు తమ్ములు వానిని కొట్టినారు. పిల్ల ఏడ్చుచు తల్లి వద్దకు పోయి, తాను హవిస్సును చూడనైన లేదు, నాకనైన లేదు అని చెప్పుకొన్నాడు. సరమ యజ్ఞశాలకు వచ్చి, నిరపరాధి యైన నా బిడ్డను ఏల కొట్టితిరి అని అడిగినది. రాజకుమారులు సమాధానము చెప్పలేదు. ఊహింపని భయము మీకు కలుగునని సరమ శపించినది. వ్యాసుడు భారతకథకు ప్రవేశద్వారమున ఈ కుక్కపిల్లను నిలిపినాడు. నన్నయభట్టారకుడును దీనిని విడువక తెనిగించినాడు. ఈ కథను పురాణ ప్రవచనములలో ఎన్నిమార్లు చెప్పితినో లెక్క లేదు. ప్రతిసారియు నేను సరమ పక్షముననే ఉన్నాననుకొన్నాను. యజ్ఞద్రవ్యమును కాపాడు నెపమున కఱ్ఱ ఎత్తినవారి పక్షమున ఉన్నానని ఆ రాత్రి తెలిసినది.

మన వాడుకలో శిక్ష అనగా దండన. దేవభాషలో శిక్ష ధాతువునకు విద్యను గ్రహించుట అని అర్థము. వేదాంగములలో మొదటిది శిక్ష. తైత్తిరీయోపనిషత్తు ఆరంభమే శిక్షావల్లి. ఆ మాట నా వంటి ఉపాధ్యాయుల చేతులలోనే నేర్పుటనుండి కొట్టుటకు దిగజారినదేమో అని సందేహము కలిగినది. శిక్షావల్లి శిక్షాంగములుగా ఆరింటిని పేర్కొన్నది: వర్ణము, స్వరము, మాత్ర, బలము, సామము, సంతానము. ఇవి వేదోచ్చారణకు చెప్పబడినవి, కుక్కల పెంపకమునకు కాదు. అయినను వైద్యురాలు చెప్పిన మాటలను నాకు తెలిసిన ఈ ఆరు పేర్ల క్రింద అమర్చుకొన్నాను. అట్లు చేయుటచే నాకు జ్ఞాపకముండినవి. గృహములో శునకమును పెంచువారికి ఉపయోగపడునని వ్రాయుచున్నాను.

మొదటిది వర్ణము. నేను "ఉపవిశ" అనువాడను, నా భార్య "కూర్చోరా" అనెడిది, విద్యార్థులు "సిట్" అనువారు. ముగ్గురి కోపమును ఒకటే, వాడు వినలేదని! కుక్కకు భాష లేదు, ధ్వని మాత్రమే ఉన్నది. ఒక క్రియకు ఒకే ధ్వని ఉండవలెను. "కూర్చో" అని నిర్ణయించుకొన్నాము. నేర్పిన విధము ఇది: చిన్న కొబ్బరిముక్కను వాని ముక్కు ముందు ఉంచి, మెల్లగా తలపైకి, వెనుకకు తీసికొనిపోయినచో, ముక్కు పైకెత్తిన వాని నడుము దానంతట అదియే క్రిందికి దిగును. దిగిన క్షణముననే "భేష్" అని ముక్క ఇయ్యవలెను. నడుము పట్టి అదుమరాదు. ఇది కుదిరిన తరువాతనే మాటను చేర్చవలెను. మూడు దినములలో శబలుడు నేర్చినాడు.

రెండవది స్వరము. స్వరము తప్పుటచే ఇంద్రశత్రు శబ్దము అర్థమే తారుమారై, యజమానికే చేటు తెచ్చిన కథ మన వైదికులకు తెలిసినదే. "రా" అను ఏకాక్షరము కోపముగా పలికినచో కుక్కకు అది పిలుపు కాదు, బెదిరింపు. పిలిచి దండించిన వాని వద్దకు ఏ ప్రాణి తిరిగి వచ్చును? పిలుపునకు వచ్చిన కుక్కకు ఎల్లప్పుడును మంచియే జరుగవలెను. స్నానము చేయింపవలసినను, మందు వేయవలసినను, మనమే వాని వద్దకు పోవలెను. పిలువరాదు.

మూడవది మాత్ర, అనగా కాలప్రమాణము. మెచ్చుకోలు క్రియ జరిగిన ఒకటి రెండు క్షణములలో అందవలెను. ఆలస్యమైనచో వాడు తరువాత చేసిన పనికి అది చెందును. గంట క్రిందట పోసిన మూత్రమునకు ఇప్పుడు గద్దించినచో, నేను ఇంటికి వచ్చుటయే ప్రమాదమని వానికి అర్థమగును. పాఠము కూడ హ్రస్వముగా ఉండవలెను. అయిదు నిమిషముల చొప్పున దినమునకు రెండు మూడు పర్యాయములు చాలును. వాడు విసుగు చెందక పూర్వమే ముగింపవలెను.

నాలుగవది బలము. ఉచ్చారణలో బలమనగా ప్రయత్నమే గాని కేక కాదు. వీధిలో శబలుడు గొలుసు లాగునప్పుడు నేను ఎదురు లాగువాడను. ఇరువురమును రొప్పుచుండెడివారము. గొలుసు బిగిసిన వెంటనే కదలక నిలిచిపొమ్మని వైద్యురాలు చెప్పినది. వాడు వెనుకకు చూచి గొలుసు వదులైనప్పుడు ముందునకు నడువవలెను. మొదటి దినమున మా ఇంటినుండి చెరువుగట్టు వరకు పోవుటకు నలుబది నిమిషములు పట్టినది. దారిలోనివారు నాకు మోకాళ్ల నొప్పి అనుకొన్నారు. పక్షము దినములకు వాడు నా ప్రక్కన నడచుట నేర్చినాడు.

అయిదవది సామము, అనగా సమత్వము. మా అబ్బాయి వచ్చినప్పుడు శబలుడు మీదికి దుమికినచో ముద్దు చేయును. నేను పట్టుపంచెతో ఉన్నప్పుడు దుమికినచో గద్దింతును. ఒకే పనికి ఒక దినము బహుమతి, ఒక దినము దండన అయినచో వాడేమి నేర్చుకొనగలడు? ఇంటివారందరును ఒకే నియమము పాటింపవలెను. దుమికినప్పుడు మాటలాడక వెనుదిరుగవలెను, నాలుగు కాళ్లు నేలపై ఆనినప్పుడే పలుకరింపవలెను. రాజనీతిలోని సామము వేరు. అయినను సామదానభేదదండములలో దండము చివరిదని పిల్లలకు చెప్పెడివాడను గదా, నేను చివరిదానినుండియే మొదలు పెట్టితిని.

ఆరవది సంతానము, అనగా ఎడతెగని కూర్పు. మూత్రవిసర్జన అలవాటు దీనివలననే కుదిరినది. రెండు మూడు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి మూత్రమును ఆపుకొనలేదు, అది మొండితనము కాదు. నిద్ర లేచిన వెంటనే, తిన్న వెంటనే, ఆడుకొన్న వెంటనే పెరటిలోని ఒకే కొబ్బరిచెట్టు వద్దకు తీసికొనిపోయి, పని కాగానే మెచ్చుకొన్నాము. వసారాలో జరిగినచో ఏమియు అనక, వాసన మిగులకుండ కడిగినాము. మూడు వారములు ఒక్క పూటయు తప్పలేదు. వసారా పొడిగా నిలిచినది. గడప సంగతియు అంతియే. గడప వద్ద ఆగినప్పుడెల్ల చిన్న ముక్క దొరకును, లోపల అడుగు పెట్టినచో మెల్లగా వెలుపలికి నడిపింపబడును, ఏమియు దొరకదు. నేడు వంటింటినుండి నేతి వాసన వచ్చినను వాడు గడపపై గడ్డము ఆనించి చూచుచుండునే గాని దాటడు. నా భార్య మడికి భంగము లేదు.

కొరుకుట మాత్రము నేర్పి మాన్పదగినది కాదు. పళ్లు వచ్చు వయస్సులో కొరుకక తప్పదు. కొబ్బరి డొక్కను, ముడి వేసిన పాతగుడ్డను వానికిచ్చి, పావుకోళ్లను ఎత్తున పెట్టుకొన్నాను. తప్పు జరుగనీయకుండుట దండించుటకంటె సులభమని యాభై నాలుగేండ్ల వయస్సులో నేర్చినాను.

శ్వపతికి ఇంకను కొన్ని ధర్మములున్నవి. ప్రసాదమే గదా అని నేను శబలునకు చక్కెరపొంగలి పెట్టెడివాడను. అందులోని కిస్‌మిస్ పండ్లు, ద్రాక్ష పండ్లు కుక్కల మూత్రపిండములను చెడగొట్టగలవని తెలిసి గతుక్కుమన్నాను. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్లు కూడ వానికి విషతుల్యములు. మూడవ నెలలో రేబీస్ టీకా వేయింపవలెను, పిదప వైద్యులు చెప్పిన గడువులో మరల వేయింపవలెను. ఎవరికైనను కాటు గాని గీత గాని పడినచో పదిహేను నిమిషములు సబ్బుతో, ధారగా పడు నీటితో కడిగి, ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. పసుపు, కారము అద్దుట పనికిరాదు. తినుచున్న కుక్కను, నిద్రించుచున్న కుక్కను కదల్పరాదని పిల్లలకు నేర్పవలెను. పెదవులు నాకుకొనుట, అకారణముగా ఆవులించుట, ముఖము త్రిప్పుకొనుట భయచిహ్నములని గుర్తించి, ఎడముగా ఉండనీయవలెను. వీధిలో వాడు మలవిసర్జన చేసినచో ఎత్తి వేయవలసినది మనమే. నేను సంచిలో పాత వార్తాపత్రికను ఉంచుకొందును. అర్చకునకు ఇదేమి పని అని ఒకరు నవ్వినారు. శ్వపతి అని నమస్కారము అందుకొనువాడు ఈ పనిని కూడ అంగీకరింపవలెను గదా.

శబలుడు నేను పిలిచినచో మరల వచ్చుటకు నాలుగు నెలలు పట్టినది. ప్రతిదినము సాయంకాలము అరుగుపై కూర్చుండి, వాని వైపు చూడక, కొబ్బరిముక్కను కొంచెము దూరమున ఉంచెడివాడను. ముందు పది అడుగులు, పిదప అయిదు, పిదప అరచేయి. మహాశివరాత్రికి నాలుగు దినముల ముందు తనంతట వచ్చి నా పాదముపై గడ్డము ఆనించినాడు.

ఆ నాలుగు నెలలును నాకు మరియొక వంచిన తల జ్ఞాపకము వచ్చుచుండినది. ఎనిమిది సంవత్సరముల క్రిందట నా వద్ద పదేండ్ల బాలుడొకడు సంథ చెప్పుకొనెడివాడు. మంచి కంఠము, చురుకైన ధారణ. ఒకనాడు పాఠము నడుమ ఎవరో నా ఉచ్చారణను అనుకరించి నవ్వినారు. నేను తిరిగి చూడగా అందరును ముందునకు చూచుచున్నారు, వాడొక్కడే తల వంచుకొన్నాడు. వంచిన తలయే నాకు సాక్ష్యము. బెత్తము విరుగునట్లు కొట్టినాను. వాడు "నేను కాదు గురువుగారూ" అని కూడ అనలేదు. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయి మరల రాలేదు. "పిల్లవాడికి ఇష్టం లేదండీ" అని తండ్రి ఫోనులో చెప్పినారు. వానికి శ్రద్ధ చాలదనుకొన్నాను. నవ్వినది వేరొకడని మూడేండ్ల తరువాత ఆ వేరొకడే చెప్పినాడు. అప్పటికి అది పాత సంగతి అని ఊరకుంటిని.

గడచిన కార్తికములో ఆ బాలుడు తల్లితో కూడ ఆలయమునకు వచ్చినాడు. ఇప్పుడు కాకినాడలో చదువుచున్నాడట. తీర్థము తీసికొనునప్పుడు నా వైపు చూడలేదు. వెలుపలికి పోవుచు ధ్వజస్తంభమునకు ఆవల, వీధి అరుగు ప్రక్కన నాకై కూర్చుండియున్న శబలుని చూచి ఆగి, వాని మెడను నిమిరినాడు. నేను వెనుకనే పోయి, నివేదన కొబ్బరినుండి ఒక చిన్న ముక్క వాని చేతికిచ్చి, "కూర్చో అను నాయనా, కూర్చుంటాడు" అన్నాను. అన్నాడు. శబలుడు కూర్చున్నాడు. అప్పుడు చెప్పినాను: "ఆ రోజు నవ్వినది నీవు కాదు. విచారించకుండా కొట్టినాను. తప్పు నాది."

వాడు కొంతసేపు కుక్కనే చూచుచు, "నేను కాదని నాకు తెలుసు కదండీ గురువుగారూ. మీకు తెలియదనే అనుకున్నాను" అన్నాడు. పిదప నమస్కరించి తల్లితో వెళ్లిపోయినాడు. వేదాధ్యయనమునకు వాడు తిరిగి రాలేదు, రాడు. నేను అడుగలేదు.

ఇప్పుడు నా వసారాలో బెత్తము లేదు. సంథ చెప్పునప్పుడు ఎవడైన తప్పు పలికినచో, సరియైన స్వరముతో నేను మరల పలుకుదును, సరిగా పలికిన వెంటనే "భేష్" అందును. పాఠములు కొంచెము నెమ్మదిగా సాగుచున్నవని మా సాటి వైదికులొకరు అన్నారు. కావచ్చును. ఎవరును తల వంచుకొనుట లేదు. పాఠము జరుగుచున్నంతసేపు శబలుడు మెట్టు క్రింద పండుకొనియుండును. చతుర్థానువాకము ముగియునప్పుడు పిల్లలు వాని వైపు చూచి చిరునవ్వు నవ్వుదురు. నేను వారింపను.

స్వస్తి.